ఆరేండ్ల లోపు బిడ్డ ఎవరి బాధ్యత?

జూన్ నెల సమీపించేసరికి అనేక కుటుంబములలో ఒకే ఆందోళన. మూడేండ్లు నిండీ నిండని బిడ్డను ఏ బడిలో చేర్పించాలి? పక్కింటి పాప అప్పుడే నూరు వరకు అంకెలు వ్రాస్తున్నది, మనవాడు ఇంకా మట్టిలో ఆడుకుంటున్నాడే అని తల్లికి బెంగ. తండ్రి చేబదులు తెచ్చి ఎల్.కె.జి. ఫీజు కడతాడు. సాయంకాలము తల్లి ఆ పసివాని వ్రేళ్లు తన గుప్పిట పట్టుకొని నాలుగు గీతల పుస్తకములో అక్షరాలు దిద్దిస్తుంది. కొంతసేపటికి వాడు ఏడుస్తాడు, ఆమె విసుక్కుంటుంది. గృహదర్శనములకు వెళ్లినప్పుడు మేము ఇట్టి దృశ్యము చూడని వీధి లేదు.

ఆ తల్లిదండ్రులను తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. బిడ్డ మేలు కోరియే వారు ఇదంతా చేస్తున్నారు. అయితే ఆరేండ్ల లోపు బిడ్డకు నిజముగా ఏది మేలు చేస్తుందో అరవై యేండ్లుగా ఓపికతో పరిశీలించినవారున్నారు. వారు కనుగొన్న సంగతులు మన వీధుల వరకు ఇంకా రాలేదు.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రములో ఇప్సిలాంటి అనే పట్టణమున్నది. 1962లో డేవిడ్ వైకార్ట్ అనే విద్యావేత్త, ఆయన సహచరులు అక్కడ ఒక పరిశోధన ప్రారంభించారు. పేద నల్లజాతి కుటుంబముల నుండి 123 మంది పిల్లలను తీసుకొని, చీటీలు వేసినట్లుగా రెండు గుంపులు చేశారు. 58 మందికి పెర్రీ ప్రీస్కూల్ అనే బాలబడిలో చోటు దొరికింది, 65 మందికి దొరకలేదు. ఆ బడి ఉదయము రెండున్నర గంటలు మాత్రమే. ఈ రోజు ఏమి ఆడదలచుకొన్నాడో బిడ్డే ముందు చెప్పాలి, ఆడాలి, తరువాత ఏమి చేశాడో వివరించాలి. టీచరమ్మ వారమునకొకసారి ఇంటికి వెళ్లి తల్లితో కూర్చొనేది.

మొదట్లో ఆ పిల్లల తెలివితేటల మార్కులు బాగా పెరిగాయి. పెద్ద బడికి వెళ్లిన కొన్నేండ్లకే ఆ తేడా కరిగిపోయింది. పరిశీలన అక్కడితో ఆపియుంటే డబ్బు దండుగ అని తేల్చేవారే. వారు ఆపలేదు. ఆ పిల్లలకు నలభై యేండ్లు వచ్చేవరకు వెంబడించి చూశారు. బాలబడిలో చదివినవారిలో ఎక్కువమంది హైస్కూలు పూర్తి చేశారు, ఎక్కువ సంపాదించుకొన్నారు, తక్కువసార్లు పోలీసుల చేత చిక్కారు. నోబెల్ బహుమతి పొందిన ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్, ఆయన సహచరులు లెక్క కట్టి, ఆ బడిపై పెట్టిన సొమ్ము సంవత్సరమునకు 7 నుండి 10 శాతము చొప్పున సమాజమునకు తిరిగి వచ్చిందన్నారు. బిడ్డలను వడ్డీ లెక్కలో చూచుట మాకు రుచించదు గాని, బడ్జెట్లు వ్రాసేవారికి ఆ భాషే సులువుగా అర్థమవుతుంది.

మాకు అంతకంటె ఎక్కువగా నచ్చినది జమైకా కథ. అది మనవంటి బీద దేశము గనుక. 1986 ప్రాంతములో కింగ్‌స్టన్ నగరపు బీదవాడలలో శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ అనే వైద్యురాలు, తన సహచరులతో కలిసి, వయస్సుకు తగిన ఎత్తు ఎదగని 129 మంది పసిబిడ్డలను ఎన్నుకొన్నారు. తొమ్మిది నెలలు మొదలు రెండేండ్ల లోపువారు. వారిని నాలుగు గుంపులు చేశారు. కొందరికి పాలపొడి ఆహారము ఇచ్చారు. కొందరి ఇంటికి ఆరోగ్య కార్యకర్త వారమునకొకసారి వెళ్లి ఒక గంట కూర్చొనేది. మరికొందరికి రెండూ, ఇంకొందరికి ఏదీ లేదు.

ఆ గంటలో ఆమె ఏమి చేసేది? పాఠము చెప్పేది కాదు. ఇంట్లో పారవేసిన డబ్బాలతో, సీసాలతో చేసిన బొమ్మలు తెచ్చి, బిడ్డతో ఎట్లు ఆడాలో, ఎట్లు మాట్లాడాలో, వాడు చేసినదానిని ఎట్లు మెచ్చుకోవాలో తల్లికి చూపేది. రెండేండ్ల తరువాత ఆ పని ఆగిపోయింది. ఇరవై యేండ్లకు ఆ బిడ్డలను వెదకి పట్టుకొని చూస్తే, అట్లు ఆడించబడినవారి సంపాదన మిగిలినవారికంటె 25 శాతము ఎక్కువగా ఉన్నది. ఎదుగుదలలో ఏ లోపమూ లేని పిల్లలతో వారు సమానమయ్యారు. ఆహారము మాత్రమే పొందినవారిలో అంత కాలము నిలిచిన తేడా కనబడలేదు. దీనిని బట్టి ఆహారము అక్కర లేదని ఎవరూ అనుకోకూడదు. ఆకలిగా ఉన్న బిడ్డ ఆడలేడు. కడుపు నింపినంత మాత్రాన పని అయిపోలేదని మాత్రమే దీని భావము.

బాలబడి అని బోర్డు పెట్టిన ప్రతి చోటా మేలు జరుగుతుందని కూడ చెప్పలేము. అమెరికాలోనే టెన్నెసీ రాష్ట్రములో ప్రభుత్వ బాలబడికి వెళ్లిన పిల్లలను, చోటు దొరకక వెళ్లలేకపోయినవారిని, మొత్తము మూడు వేలకు చేరువైన మందిని ఆరవ తరగతి వరకు గమనించారు. 2022లో ఫలితాలు బయటికి వచ్చాయి. వెళ్లినవారే చదువులో, క్రమశిక్షణలో వెనుకబడి ఉన్నారు! తరగతిలో కూర్చోబెట్టి అందరికీ ఒకేసారి చెప్పడము, కదలనీయకపోవడము అందుకు కారణమై ఉండవచ్చని ఆ పరిశోధకులు అనుమానించారు.

మన సంగతి చూద్దాము. 2011 మొదలు అయిదేండ్లపాటు రాజస్థాన్, అస్సాం, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 14,000 మంది నాలుగేండ్ల పిల్లలను తీసుకొని, వారు ఎక్కడికి వెళ్తున్నారో, ఏమి నేర్చుకొంటున్నారో గమనించారు. ఢిల్లీలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయము, అసర్ సంస్థ కలిసి చేసిన పని ఇది. 2017లో ప్రచురించారు. అయిదేండ్లు వచ్చినా చాలామంది బిడ్డలు బడికి సిద్ధముగా లేరు. అంగన్‌వాడీలలో చదువుకు దొరికే సమయము తక్కువ. ప్రైవేటు నర్సరీలలో ఒకటవ తరగతి పుస్తకమునే ముందుకు జరిపి రుద్దుతున్నారు. మేలు జరిగినది ఆటలతో, మాటలతో, ఒక క్రమములో నడిపిన చోట్ల మాత్రమే.

ఇది వినగానే కొందరు, “ఆటలకైతే బడి ఎందుకండీ?” అంటారు. మన నాయనమ్మలు ఆడించిన వామనగుంటలను జ్ఞాపకము చేసుకోండి. గుంటకు ఇన్ని చింతగింజలని పంచి పెట్టుకొనే బిడ్డ లెక్క నేర్చుకొంటున్నది. గచ్చకాయలు ఎగురవేసి పట్టుకొనే వ్రేళ్లే తరువాత పెన్సిలు పట్టుకొంటాయి. గుజ్జనగూళ్లు వండే పాప అమ్మ మాటలన్నీ తిరిగి పలుకుతూ వాక్యములు కూర్చుకొంటున్నది. అంతా తెలుగులోనే. 2013 నాటి జాతీయ శిశు విద్యా విధానము కూడ ఈ వయస్సులో మాతృభాషే ముందుండాలని చెప్పింది. ఇరవై మంది పిల్లలకు ఒక పెద్దవారు ఉండాలని, మూడేండ్ల లోపువారైతే పదిమందికి ఒకరు కావాలని కూడ ఆ విధానము క్రింద ప్రమాణములు పెట్టారు.

పుస్తకములో ఇన్ని మంచి మాటలు ఉండగా ఆచరణలో ఎందుకు లేవు? దీనికి జవాబు చట్టములోనే దొరుకుతుంది.

రాజ్యాంగములోని 45వ అధికరణము మొదట్లో, పదునాలుగేండ్లు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అని చెప్పింది. క్రింది హద్దు ఏమీ పెట్టలేదు. 1993లో ఉన్నికృష్ణన్ అను వ్యక్తికీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఆ విద్యను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ఆ వ్యాజ్యము ఇంజనీరింగు, వైద్య కళాశాలల ఫీజుల గురించినది. దానిలోనుండి పసిబిడ్డల హక్కు బయటికి రావడము విచిత్రమే. అయితే 2002లో చేసిన 86వ సవరణ ఆ హక్కును ఆరు నుండి పదునాలుగేండ్ల వారికి మాత్రమే పరిమితము చేసింది. ఆరేండ్ల లోపువారిని 45వ అధికరణములో ఉంచి, ప్రభుత్వము వారి కొరకు ప్రయత్నించవలెనని మాత్రము వ్రాసింది. తరువాత 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టము 11వ సెక్షనులో, మూడు నుండి ఆరేండ్ల వారికి ఉచితముగా పూర్వ ప్రాథమిక విద్య ఏర్పాటు ‘చేయవచ్చును’ అన్నది. ‘చేయవలెను’ అనలేదు. చేయవలెను అని ఉంటే, బడి లేని ఊరి తండ్రి కోర్టు మెట్లు ఎక్కగలడు. చేయవచ్చును అని ఉంటే ఎదురుచూడవలసినదే.

2019లో కస్తూరిరంగన్ సంఘము ముసాయిదా, ఈ చట్టమును మూడేండ్ల నుండి వర్తింపజేయాలని సిఫారసు చేసింది. 2020లో ఆమోదించిన జాతీయ విద్యా విధానములో ఆ సిఫారసు కనబడలేదు. దాని బదులు, 2030 లోపు పసిబిడ్డలందరికీ నాణ్యమైన విద్య అందాలనే గడువు మిగిలింది. హక్కుకూ గడువుకూ చాలా తేడా ఉన్నది.

ఈ భారమంతా మోస్తున్నది అంగన్‌వాడీ. ఆ మాటకు ముంగిట వాడ అని చెప్పుకోవచ్చు. మహారాష్ట్రలోని బోర్డీ, కోస్‌బాడ్ ప్రాంతములలో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ అను ఇద్దరు స్త్రీలు, బడికి రాని గిరిజన బిడ్డల ఇంటి ముంగిటికే బడిని తీసుకొని వెళ్లారు. ఆ తలంపులోనుండి ఈ పేరు వచ్చింది. ప్రభుత్వపు సమగ్ర శిశు అభివృద్ధి పథకము 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ఆరంభమై, నేడు సుమారు 14 లక్షల కేంద్రములైంది. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా ఉన్నాయి.

ఒక కార్యకర్త, ఒక ఆయా. గర్భిణులకు, బాలింతలకు, పసివారికి ఆహారము, గ్రుడ్లు పంచాలి. బరువులు తూచాలి. టీకాల రోజున తల్లులను పిలుచుకొని రావాలి. సర్వేలు వ్రాయాలి. 2021 నుండి పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లో వివరములన్నీ ఎక్కించాలి. ఇవన్నీ అయిన తరువాత, పాట పాడి కథ చెప్పాలి! కేంద్రము తన వంతు గౌరవ వేతనమును 2018లో నెలకు 4,500 రూపాయలు చేసింది; రాష్ట్రములు కొంత కలుపుతాయి. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ సోదరీమణులు వేతనముల కొరకు సమ్మెకు దిగి మరుసటి జనవరి వరకు రోడ్డు మీద కూర్చొన్నారు. అంతకు ముందు, 2022 ఏప్రిల్ 25న, సుప్రీంకోర్టు వారికి గ్రాట్యుటీ హక్కు ఉన్నదని తీర్పు చెప్పింది. పైన చెప్పిన 11వ సెక్షనును ఎత్తి చూపి, వారు చేసేది చట్టబద్ధమైన విధి అన్నది. పని చట్టబద్ధము, జీతము గౌరవార్థము. ఈ లెక్క మాకు అంతుపట్టదు.

అయితే పరిష్కారము ఆకాశములో లేదు. పొరుగున తమిళనాడులో 320 అంగన్‌వాడీలను తీసుకొని, వాటిలో సగము చోట్ల స్థానికముగా ఒక స్త్రీని సగము పూటకు అదనముగా నియమించి, చదువు పని ఆమెకు అప్పగించారు. కొద్దిపాటి శిక్షణ మాత్రమే ఇచ్చారు. పిల్లలకు దొరికిన చదువు సమయము రెట్టింపయింది. పద్దెనిమిది నెలలకు లెక్కలోను భాషలోను వారు స్పష్టముగా ముందుకు వెళ్లారు. పాత కార్యకర్తకు తీరిక దొరికి ఆరోగ్యము, ఆహారము మీద శ్రద్ధ పెట్టగలిగింది గనుక పిల్లల ఎదుగుదల కూడ బాగుపడింది. మురళీధరన్ మొదలైన ఆర్థికవేత్తలు చేసిన ఈ పరిశోధన 2024లో ప్రచురితమైంది. ఇప్సిలాంటిలో, కింగ్‌స్టన్‌లో, తమిళనాడులో బిడ్డకు దొరికినది ఒక్కటే: తన కొరకు సమయము ఉన్న ఒక పెద్ద మనిషి. మన శాసనసభ్యులను రోడ్డు అడుగుతాము, నీళ్లు అడుగుతాము. అంగన్‌వాడీకి రెండవ టీచరును అడిగినవారిని మేము ఇంతవరకు చూడలేదు.

నర్సరీకి పంపదలచినవారు మొదట ఆ తరగతి గది చూడండి. ఎంతమంది పిల్లలకు ఒక టీచరమ్మ ఉన్నదో లెక్కించండి. బిడ్డలు మాట్లాడుతున్నారా, లేక చేతులు కట్టుకొని కూర్చొన్నారా? మూడేండ్లకే పరీక్ష, ర్యాంకు అని చెప్పుకొనే బడి ఎంత పేరున్నదైనా వదలివేయండి. 2022 నాటి జాతీయ పాఠ్య ప్రణాళిక ఆ వయస్సులో పరీక్షలు తగవని చెప్పింది.

సంఘ పెద్దలకు ఒక మాట. అనేక అంగన్‌వాడీలు ఇరుకు అద్దె గదులలో నడుస్తున్నాయి. మందిరమునకు ఆనుకొని ఉన్న మన గదులు సోమవారము నుండి శనివారము వరకు తాళము వేసి ఉంటాయి. ఏ ఇంటి బిడ్డ, ఏ మతము అని అడగకుండ, గోడ మీద మన మాట ఒక్కటీ వ్రాయకుండ ఆ గది ఇవ్వగలిగితే, మండలములోని ఐ.సి.డి.ఎస్. సూపర్‌వైజరును కలిసి మాట్లాడవచ్చు. వెళ్లేముందు పసివారు ఎక్కగల ఎత్తులో మెట్టు ఉన్నదో లేదో, మరుగుదొడ్డి, త్రాగునీరు ఉన్నాయో లేవో చూసుకొని వెళ్లండి.