యుద్ధం తిగ్రాయ్‌లో, ఫ్యాక్టరీ మూత హవాస్సాలో



ఇథియోపియాకు వాణిజ్య రాయితీ తీసివేస్తున్నట్లు 2021 నవంబరులో అమెరికా ప్రకటించినప్పుడు ఆ వార్తను మేము సంతోషంగానే చదివాము. తిగ్రాయ్ కొరకు అప్పటికి ఏడాదిగా ప్రార్థిస్తున్నాము గదా, ఎవరో ఒకరు ఏదో ఒకటి చేశారు అనుకున్నాము. ఆ భారం ఎవరి మీద పడుతుందో ఆలోచించలేదు. ఈమధ్య యువజన కూడికలో ఒక తమ్ముడు, "చంపుకునే దేశాలతో వ్యాపారం ఆపేస్తే దారికి రావా అయ్యగారూ?" అని అడిగాడు. అప్పుడు ఆ సంగతి మళ్ళీ తిరగేశాము.

అమెరికా 2000లో చేసిన ఒక చట్టాన్ని క్లుప్తంగా 'అగోవా' అంటారు. దాని ప్రకారం సహారా ఎడారికి దక్షిణానున్న అర్హత గల దేశాల సరుకులు ఎన్నో అప్పట్లో సుంకం లేకుండా అమెరికాలో దిగేవి. లేకపోతే నూలు టీ షర్టు మీద 16.5 శాతం, సింథటిక్ దాని మీద 32 శాతం సుంకం కట్టాల్సి వచ్చేది. రెడీమేడ్ బట్టల్లో మిగిలేదే తక్కువ గనుక ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలో ఈ మినహాయింపే తేల్చేది. కాని చట్టంలోనే షరతు ఉంది: మానవ హక్కులను ఘోరంగా ఉల్లంఘించే దేశానికి అర్హత లేదు. ఏటేటా అధ్యక్షుడు దాన్ని పరిశీలించాలి. ముందే చెప్పి ఇచ్చిన మేలు గనుక, షరతు తప్పినప్పుడు వెనక్కి తీసుకోవడం అన్యాయమని మేము అనము.

షరతు తప్పిన మాట నిజం. 2020 నవంబరులో మొదలైన యుద్ధంలో ఫెడరల్ సైన్యం, దానికి తోడుగా ఎరిత్రియా సైనికులు ఒకవైపు, తిగ్రాయ్ దళాలు మరొకవైపు నిలిచాయి. అక్సుమ్ పట్టణంలో ఎరిత్రియా సైనికులు వందల మంది పౌరులను చంపారు. తిగ్రాయ్‌లో ఫోన్లు, బ్యాంకులు ఆగిపోయాయి. ఆహారపు లారీలు దారిలో నిలిచిపోయాయి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం, ఇథియోపియా మానవ హక్కుల కమిషన్ కలిసి ఇచ్చిన నివేదిక అన్ని పక్షాలనూ తప్పుపట్టింది. రెండు వైపులా బాప్తిస్మము పొందినవారు విస్తారం. ఇది రాయడానికి మాకు చెయ్యి రాదు.

2022 జనవరి 1 నుండి రాయితీ పోయింది. దెబ్బ తగిలింది మాత్రం యుద్ధభూమికి చాలా దూరంగా, దక్షిణాన ఉన్న హవాస్సాలో. 2016లో ప్రారంభమైన అక్కడి పారిశ్రామిక పార్కులో కుట్టుపని చేసేవారు చాలావరకు పల్లెల నుండి వచ్చిన యువతులే. న్యూయార్క్ విశ్వవిద్యాలయం వారి 2019 అధ్యయనం ప్రకారం వారి మూలవేతనం నెలకు 26 డాలర్లు. కాల్విన్ క్లైన్, టామీ హిల్‌ఫిగర్ బ్రాండ్లు గల పీవీహెచ్ సంస్థ, అమెరికా ప్రకటన వచ్చిన నెలలోనే అక్కడి తన ఫ్యాక్టరీ మూసేస్తున్నామని చెప్పింది. కారణంగా చూపింది యుద్ధ పరిస్థితిని. అయినా సుంకం లెక్క ఎవరికి తెలియదు? తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి అచ్యుతాపురం వెళ్ళే మన సహోదరీలకు ఆ మూత అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు.

మరి యుద్ధం ఆగిందా? 2022 ఆగస్టులో మళ్ళీ భీకరంగా రేగింది. ఆఫ్రికా యూనియన్ మధ్యవర్తిత్వంతో నవంబరు 2న ప్రిటోరియాలో ఒప్పందం కుదిరింది. అందులో రాయితీ రద్దు వంతు ఎంతో తూచి చెప్పలేము. మాకు మింగుడు పడనిది ఆ తరువాతి సంగతి. తుపాకులు దిగిన తరువాత కూడా 2023, 2024 జాబితాల్లో ఇథియోపియా పేరు చేరలేదు.

శ్రీలంక విషయంలో యూరోపియన్ యూనియన్ 2010 ఆగస్టులో ఇలాంటి రాయితీనే ఆపి, ప్రభుత్వం మారి సంస్కరణలకు మాటిచ్చాక 2017 మేలో తిరిగి ఇచ్చింది. ఏడేళ్ళు ఎక్కువే, కాని తిరిగి వచ్చే దారి కనబడింది. ఇవి చేయండి, చేసిన రోజున ఇస్తాము అని వ్రాసి చెప్పినప్పుడే ఒత్తిడికి అర్థం ఉంటుంది. పని పోయేవారికి కొన్ని నెలల జీతమైనా ఎవరు భరిస్తారో ముందే తేల్చాలి. హవాస్సాలో దాని మాట ఎవరూ ఎత్తలేదనే మా బాధ.

ఆ తమ్ముడికి ఇంతే చెప్పగలిగాము. వచ్చే వారం ప్రార్థనాంశాలలో తిగ్రాయ్ పక్కన హవాస్సా పేరు కూడా చేర్చాము.