హంస మండలములోని ప్రసార కేంద్రము

రేడియోలో పాట ముగియగానే, అది ఏ కేంద్రమునుండి వచ్చినదో ప్రకటించువారు చెప్పుదురు. ఆకాశమునుండి వచ్చు రేడియో తరంగములకు అట్టి ప్రకటన లేదు. అవి ఎచట పుట్టినవో మనమే వెదకి తెలిసికొనవలెను. ఆ వెదకుట యెట్టిదో హంస నక్షత్రమండలములోని ఒక స్థానమును బట్టి చెప్పదలచినాము.

ఆ మండలమునుండి వచ్చు తరంగములు హెచ్చుతగ్గులగుచున్నవని ఇంగ్లండులో హే, ఆయన సహచరులు 1946లో గమనించిరి. మూలము చాల చిన్నదై యుండవలెనని అప్పుడే తోచినది. కాని ఆ వైపు తీసిన ఛాయాచిత్రములలో చెప్పుకోదగినదేదియు కనబడలేదు. ఉన్నవన్నియు పాలపుంతలోని నక్షత్రములే.

చిక్కు తరంగముల పొడవులో ఉన్నది. వెలుగు తరంగము పొడవు మిల్లీమీటరులో సుమారు రెండువేలవ వంతు. మీటరు పొడవు గల రేడియో తరంగము దానికి ఇరువది లక్షల రెట్లు. తరంగము పెరిగినకొలది దూరదర్శిని చూపు మసకబారును. అందుచేత రెండు ఏరియళ్లను దూరదూరముగ నిలిపి, వానికి అందిన తరంగములను కలిపి చూచు పద్ధతి వచ్చినది. కేంబ్రిడ్జిలో గ్రాహమ్ స్మిత్ 1951లో ఈ పద్ధతిచే స్థానమును చంద్రబింబపు వెడల్పులో సుమారు ముప్పదియవ వంతు వరకు నిర్ణయించి, కాలిఫోర్నియాలోని వాల్టర్ బాడేకు తెలిపెను.

బాడే పాలొమార్ పర్వతముపై 200 అంగుళముల దూరదర్శినితో ఆ చోటును చిత్రించెను. ఫలకముమీద రెండువందలకు పైగా గెలాక్సీలు కలవు. నడుమ నున్నదే అన్నిటికంటె ప్రకాశమానము, దాని రూపము వింత. రెండు గెలాక్సీలు ఢీకొనుచున్నవని బాడే అభిప్రాయము. మింకోవ్‌స్కీ నమ్మక, ఒక విస్కీ సీసా పందెము కట్టెను. వర్ణపటము తీసి చూచి తానే ఓటమిని ఒప్పుకొనెను. పందెము బాడే గెలిచెను గాని, ఢీకొనుట అను సిద్ధాంతము నిలువలేదు! ఆ గెలాక్సీ మననుండి సుమారు 75 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున ఉన్నది.

ఇంతలో మరియొక ఆశ్చర్యము. జాడ్రెల్ బ్యాంకులో జెన్నిసన్‌, మన దేశీయుడైన మృణాల్ దాస్‌గుప్త 1953లో పరిశీలించి, తరంగములు గెలాక్సీనుండి కాక, దానికి ఇరుప్రక్కల దూరముగ నున్న రెండు తావులనుండి వచ్చుచున్నవని చూపిరి. గెలాక్సీ నడిబొడ్డునగల కృష్ణబిలము పరిసరములనుండి వెలువడు ధారలు అంత దూరము పోయి, అచటి పలుచని వాయువును తాకి వెలుగుచున్నవని నేడు ఎరుగుదుము.

కనుక రేడియో పటములో మెరయు చుక్క ప్రక్కనున్న గెలాక్సీయే దాని ఇల్లనుకొనుట చెల్లదు. జత చుక్కలను గుర్తించి, నడుమ వెదకవలెను. అదియు ఎల్లప్పుడు కుదరదు. గెలాక్సీల గుంపులోని వేడి వాయువునడుమ కదలు గెలాక్సీ విడిచిన ధారలు, రైలింజను పొగవలె వెనుకకు వంగిపోవును. అప్పుడు ఇల్లు నడుమ కాదు, వంపు మొనయందుండును. దుమ్ము కప్పినవానికొరకు, మిక్కిలి దూరమున నున్నవానికొరకు పరారుణ చిత్రములను కూడ చూడవలెను.

యంత్రగణనము ఇట్టి వంపులవద్ద తడబడుట కలదు. అందువలన 2013లో ఆరంభమైన రేడియో గెలాక్సీ జూ అను ప్రణాళికలో రేడియో, పరారుణ చిత్రములను జతపరచు పని సామాన్య జనులకు అప్పగింపబడినది. అందు పాల్గొన్న ఇద్దరు రష్యనులు, వేరువేరుగ కనబడు రేడియో తునకలు ఒకే గెలాక్సీవని పట్టిరి. దానివలన అంతకుముందెరుగని గెలాక్సీల గుంపు ఒకటి బయటపడగా, 2016లో దానికి వారిరువురి పేర్లే పెట్టిరి.