కంచు బిళ్ళలపై నగరాల చరిత్ర

అభిరుచులలో నాణేల సేకరణకు ఒక విశిష్ట స్థానమున్నది. రోమన్ నాణెమనగానే మనకు స్ఫురించేవి బంగారు ఆరియస్, వెండి దినారియస్. నాగార్జునకొండ వంటి చోట్ల రోమన్ నాణేలు లభించిన సంగతి పలువురికి తెలిసినదే. బంగారానికి, వెండికి ఏ దేశంలోనైనా విలువ ఉన్నందున అవి వర్తకుల మూటలలో సముద్రాలు దాటాయి. అయితే అదే సామ్రాజ్యంలో సామాన్యుడు కూరగాయల అంగడిలో, స్నానశాలలో చెల్లించినది కంచు నాణెం. రోమ్ పాలనలోని రాష్ట్రాలలో ఆయా నగరాలు తమ వాడుకకై ముద్రించుకున్న ఈ నాణేలకు పొలిమేర దాటితే చెలామణి అంతంతమాత్రమే. ఆ స్థానికతయే నేడు వాటికి ఆకర్షణ.

బొమ్మ చక్రవర్తిది, బొరుసు నగరానిది

క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ మరణించిన నాటి నుండి క్రీ.శ. 3వ శతాబ్ది చివర డయొక్లీషియన్ చేసిన సంస్కరణల వరకు 500కు పైగా నగరాలు ఇటువంటి నాణేలను ముద్రించాయి. పశ్చిమాన స్పెయిన్, గాల్ ప్రాంతాల టంకశాలలు 1వ శతాబ్ది మధ్యకే మూతబడ్డాయి. గ్రీసు, ఆసియా మైనర్, సిరియా నగరాలు మాత్రం 3వ శతాబ్ది దాకా కొనసాగించాయి. అందరికంటె చివరివరకు నిలిచినది ఈజిప్టులోని అలెగ్జాండ్రియా.

సాధారణంగా నాణెం బొమ్మవైపు చక్రవర్తి ముఖముంటుంది. బొరుసువైపు ఏమి ఉండాలన్నది నగరం ఇష్టం. కప్పడోషియాలోని సిజేరియా తన ఎదుట నిలిచిన అర్గయస్ పర్వతాన్ని ముద్రించింది. సిరియాలోని ఎమెసా తన సూర్యాలయంలో కొలువైన నల్లరాతిని చూపింది. సామోస్ ద్వీపం తన గడ్డపై పుట్టిన పైథాగరస్‌ను కూర్చుండబెట్టింది. అలెగ్జాండ్రియాలో ఆంటొనైనస్ పయస్ 8వ పాలనా సంవత్సరంలో, అనగా క్రీ.శ. 144-145లో, రాశిచక్రాన్ని, గ్రహాధిపతులను చూపే కంచు నాణేలు వెలువడ్డాయి.

సేకరణకర్త మొదట నేర్వవలసినది అక్షరాలు. తూర్పు నాణేలలో అధికభాగం గ్రీకు లిపిలో ఉంటాయి. 'ఎఫెసియోన్' అంటే 'ఎఫెసస్ వాసులది' అని అర్థం. చివరి 'ఓన్' గుర్తు పట్టగలిగితే నగరం పేరు సగం దొరికినట్లే. చక్రవర్తుల ఆలయానికి సంరక్షక నగరమన్న 'నియోకోరోస్' బిరుదు తమకెన్నిసార్లు దక్కినదో ఎఫెసస్, స్మిర్నా, పెర్గమం నగరాలు నాణేలపై అంకెవేసి మరీ చాటుకున్నాయి. ఇరుగుపొరుగు ఊళ్ళ పంతం రెండువేల ఏళ్ళనాడూ ఇలాగే ఉండేది కాబోలు!

అరుదైనా ప్రియం కాదు

ఈ నగరాలు ఏటేటా నాణేలు ముద్రించలేదు. చిల్లర కొరత ఏర్పడినప్పుడు, ఉత్సవాలు జరిగినప్పుడు, చక్రవర్తి విచ్చేసినప్పుడు కొద్దిపాటి అచ్చులతో పని ముగించేవి. చక్రవర్తి ముఖమున్న ఒకే అచ్చును వేర్వేరు నగరాలు వాడుకున్నట్లు జర్మన్ పండితుడు కొన్రాడ్ క్రాఫ్ట్ 1972లో వెలువడిన గ్రంథంలో నిరూపించాడు. అచ్చులు చెక్కే కార్మికశాలలు పలు నగరాలకు సేవలందించాయన్నమాట. అందువలన కొన్ని రకాలు నేడు వేళ్ళమీద లెక్కించదగినన్ని మాత్రమే మిగిలాయి. అయినా కోరేవారు తక్కువ గనుక, వీటి ధర తరచుగా సాధారణ బంగారు నాణెం ధరకంటె చాలా తక్కువ. అరుదుతనం వేరు, గిరాకీ వేరు అన్న పాఠం ఇక్కడ స్పష్టమవుతుంది.

1992లో బర్నెట్, అమాండ్రీ, రిపోయెస్‌లు ప్రారంభ సంపుటాన్ని ప్రచురించిన 'రోమన్ ప్రొవిన్షియల్ కాయినేజ్' ఈ రంగానికి పునాది. స్విట్జర్లాండుకు చెందిన ఇంహోఫ్-బ్లూమర్ జీవితకాలం కూడబెట్టిన 20,000కు పైగా గ్రీకు నాణేలను 1900లో బెర్లిన్ సంగ్రహాలయానికి చేర్చాడు. ఒక సేకరణకర్త శ్రమ శాస్త్రానికి ఎంతగా ఉపకరించగలదో చెప్పడానికి ఇదొక నిదర్శనం.

భద్రత, బాధ్యత

కంచు నాణేన్ని ఇత్తడి బిందెవలె చింతపండుతో తోమడం మహాపరాధం. శతాబ్దాలు మట్టిలో పేరుకొన్న నున్నని చిలుము దానికి కవచం. అది పోతే బొమ్మ అంచులు పోతాయి. లేత ఆకుపచ్చని పొడి రాలుతుంటే మాత్రం వ్యాధిగా గుర్తించాలి. లోహంలో చేరిన క్లోరైడ్లు తేమతో కలిసి నాణేన్ని తినివేస్తాయి. పొడిచోట, పి.వి.సి. లేని కవరులో భద్రపరచడం ఉత్తమం. అంచున అతుకు గీత కనిపిస్తే అది పోత పోసిన నకిలీ కావచ్చునని అనుమానించాలి.

అంతకంటె ముఖ్యమైనది నాణెం ఎక్కడినుండి వచ్చినదన్న ప్రశ్న. ఫ్రిజియాలోని అపామియాకు 'కిబోటోస్', అనగా పెట్టె, అన్న మారుపేరుండేది. సెప్టిమియస్ సెవెరస్ కాలంలో అది నోవహు ఓడను నాణెంపై ముద్రించింది. పెట్టెలో ఇరువురు, పైన పక్షి, పెట్టెమీద నోవహు పేరు. ఇది మిక్కిలి అరుదైన నాణెం. ఇదే పేరుగల మరో నగరం సిరియాలో ఉన్నది. 2011లో అక్కడ అంతర్యుద్ధం మొదలైన తరువాత దొంగ తవ్వకాలతో ఆ శిథిలనగరం గుంటలమయమైనది. ఉపగ్రహ చిత్రాలే అందుకు సాక్ష్యం. ఏ గోడ కింద, ఏ పొరలో, ఏ పాత్ర పక్కన నాణెం దొరికినదో తెలిస్తే ఆ ఇంటి కాలం తెలుస్తుంది. దొంగ గుంటలోంచి వచ్చిన నాణెం అందంగా ఉండవచ్చు గాని, చెప్పవలసిన మాట పోగొట్టుకొని వస్తుంది. తక్కువ ధరకు ఆశపడి దాన్ని కొనడం తరువాతి గుంటకు కూలి చెల్లించడమే.

మనదేశంలో 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు; ప్రైవేటు వ్యక్తులు దానిని ఎగుమతి చేయరాదు. భూమిలో దొరికిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం నిర్దేశిస్తున్నది. కనుక సేకరణ ప్రారంభించదలచిన మిత్రులు మొదట ఒక నోటుపుస్తకం తెరవాలి. నాణెం బరువు, వ్యాసం, రాత, ఎవరినుండి, ఏనాడు, ఏ రసీదుపై కొన్నదీ అందులో వ్రాసుకోవాలి. పూర్వ యజమాని వివరం చెప్పలేని నాణేన్ని, ఎంత అరుదైనదైనా, అమ్మకందారు చేతిలోనే ఉంచి వెనుదిరగాలి. ఆ నిగ్రహమున్నవాడికే ఈ అభిరుచి శోభిస్తుంది.