కంటిపాప తెలుపు సంగతి: పురుగుమందు, అట్రోపిన్

సికిందరాబాదులోని మారేడ్‌పల్లికి కంటిపరీక్షకై వచ్చిన ఒక పంచాయతీ సభ్యుడు ఆ సాయంకాలము మమ్ము కలిసికొనెను. పరీక్షకు ముందు కంట వేసిన చుక్కల వలన ఆయన కంటిపాపలు పెద్దవై, వెలుతురు భరింపరాక, పత్రికలోని అక్షరములు అలికినట్లు కనబడుచుండెను. “చూపు బాగుచేయించుకొనవచ్చి ఉన్న చూపు పోగొట్టుకొంటినేమో అయ్యా!” అని వాపోయెను. కొన్ని గంటలలో తగ్గునని ధైర్యము చెప్పితిమి; అట్లే తగ్గినది. ఆ చుక్కలు చేయు పని యెట్టిదో తెలిసినచో, పురుగుమందు తగిలినవాని ప్రాణము నిలుపు మందు సంగతియు తెలియును. కావున ఈ మాసము దానినే వివరింప దలచితిమి.

చేయి ఎత్తవలెనన్న మనము తలచి ఎత్తుదుము. గుండె కొట్టుకొనుట, అన్నము అరుగుట, చెమట పట్టుట మన తలంపుతో నిమిత్తము లేకయే జరుగుచున్నవి. వీనిని నడుపు నరముల సముదాయమునకు స్వయంచోదిత నాడీమండలమని పేరు. ఇందు రెండు తెగలు గలవు. సహానుభూత నాడులు ములుకోల వంటివి. భయము కలిగినప్పుడు గుండెను త్వరపెట్టును, కంటిపాపను విప్పును. పరసహానుభూత నాడులు పగ్గము వంటివి. గుండెను నిదానింపజేయును, పాపను ముడుచును, నోట నీరు ఊరించును. ఈ పోలిక అంతవరకే సరి. ప్రేగుల విషయమున పగ్గమే తోలును, ములుకోలయే ఆపును.

నరము అవయవమునకు ఆజ్ఞ నెట్లు అందించును? 1921లో ఆస్ట్రియా దేశమున ఆటో లోవి అను శాస్త్రజ్ఞుడు కప్ప గుండెకు పోవు నరమును ప్రేరేపించి, అది నిదానించిన పిమ్మట దానిని తడిపిన ద్రవమును మరియొక కప్ప గుండెకు తగిలించెను. ఆ రెండవ గుండెయు నిదానించెను! నరము కొననుండి ఒక రసాయనము వెలువడుచున్నదని దీనివలన తేలినది. దాని పేరు ఎసిటైల్‌కోలిన్. 1936లో లోవికిని, హెన్రీ డేల్‌కును నోబెల్ బహుమానము లభించినది.

ఆజ్ఞ అందిన వెంటనే ఈ రసాయనమును కోలినెస్టరేజ్ అను ఎంజైము విరుగగొట్టును. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి భాస్వర సంబంధమైన పురుగుమందులు ఆ ఎంజైమును పట్టి బంధించును. ఎసిటైల్‌కోలిన్ విరుగక పేరుకొనిపోవును. లాగిన పగ్గము వదలువారుండరు. నోట చొంగ, వాంతులు, విరేచనములు, ధారగా చెమట, రొమ్మున గురగుర కలుగును. కంటిపాపలు ఆవగింజలంత అగును. మందు త్రాగినవారికే గాక, తడిసిన బట్టలతో ప్రొద్దంతయు చల్లినవారికిని చర్మము గుండ ఇది ఎక్కును. ఎండదెబ్బ యని చెట్టునీడన పరుండబెట్టుట మన పల్లెలలో జరుగు పొరపాటు. అట్టి వేళ పాపలను చూడవలెను. అవి ముడుచుకొనలేదన్నంత మాత్రమున విషము లేదని మాత్రము తలపరాదు.

ఇచ్చట వైద్యుడు వాడునది అట్రోపిన్. మారేడ్‌పల్లిలో ఆ సభ్యుని కంట పడిన చుక్కలును ఈ కోవకు చెందినవే. ఎసిటైల్‌కోలిన్ చేరవలసిన చోటును ముందుగా తానాక్రమించి, దాని ఆజ్ఞను అవయవమునకు చేరనీయదు. రొమ్ములోని చెమ్మ ఆరును, గుండె వేగము పుంజుకొనును. మన దిబ్బలపై మొలచు ఉమ్మెత్తలోను ఈ పదార్థము గలదు. అందుచేత ఉమ్మెత్త రసము పోసి చూతమను పెద్దలు ఉండవచ్చును. అది ప్రాణాంతకము. ఎంత పాలున్నదో ఏ ఆకునకు ఆ ఆకుగా మారును. తిన్నవారు పిచ్చిమాటలాడుచు మరణించుటయు కలదు.

అట్రోపిన్ విషమును హరింపదు, దాని చేష్టలను అడ్డును. కావుననే రొమ్ము ఆరువరకు వైద్యుడు కనిపెట్టి చూచుచు మరల మరల ఇయ్యవలసి వచ్చును. కండరముల బలహీనతకు అది పనిచేయదు. తెలివి వచ్చి మాటలాడిన రోగికి ఒకటి మొదలు నాలుగు దినములలో మెడ వాలి, శ్వాస ఆడకపోవుట కలదు. ఖర్చునకు వెరచియో, నయమైనదను సంతోషముననో బంధువులు ముందే ఇంటికి కొనిపోవుదురు. దీనిని ఆపగలవారు పంచాయతీ సభ్యులే.

ఇంకొక మాట. మన ప్రాంతమున ఏ పురుగుమందునైనను “ఎండ్రిన్” అనుట వాడుక. అసలు ఎండ్రిన్ వేరు జాతిది, నిషేధింపబడి చాలకాలమైనది. గడ్డిమందైన పారాక్వాట్‌కు అట్రోపిన్ విరుగుడు కాదు. పేరు తెలియనిదే వైద్యుడు చీకటిలో తడవవలసి వచ్చును. సీసాను గాని, చీటిని గాని రోగితో పంపవలెను.

108 బండికి కబురుచేసి, అది వచ్చులోగా చేతులకు తొడుగులు వేసికొని రోగి బట్టలు తీసి, సబ్బునీటితో ఒడలు కడిగి, ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. ఉప్పునీరు త్రాగించి కక్కించు ప్రయత్నము వలదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. తెలిసి త్రాగినవాడైనచో వానిని మందలించుటకు అది సమయము కాదు. మనసు చెదరినవారు, వారి ఇంటివారు 14416కు ఫోను చేసినచో ఉచితముగా మాటలాడువారు గలరు. ఆ రెండు సంఖ్యలను పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు.