బండెక్కి వచ్చిన బడి

1906లో అమెరికా దక్షిణాదిన, అలబామా రాష్ట్రంలోని పల్లెదారుల్లో ఒక కొత్తరకం బండి తిరగడం మొదలైంది. కంచరగాడిదలు లాగే ఆ బండి నిండా నాగలి, విత్తనాలు, వెన్న చిలికే సాధనం, పాలను పరీక్షించే పరికరం. బండి ఎవరో ఒకరి వాకిట్లో ఆగేది. చుట్టుపక్కలవాళ్లు పోగయ్యేవారు. లోతుగా ఎలా దున్నాలో, చెత్తను ఎరువుగా ఎలా మగ్గబెట్టాలో అక్కడే చేసి చూపించేవారు. బడి ముఖం చూడని రైతు దగ్గరికి బడే నడిచొచ్చింది.

న్యూయార్క్ ధనికుడు మారిస్ జెసప్ ఇచ్చిన డబ్బుతో తయారైంది కాబట్టి దాన్ని జెసప్ బండి అన్నారు. అందులో ఏమేం ఉండాలో, రైతుకు ఏం చూపించాలో నిర్ణయించిన మనిషి జార్జ్ వాషింగ్టన్ కార్వర్.

ఆయన పుట్టిందే బానిసగా. మిస్సోరీ రాష్ట్రంలోని డైమండ్ ఊరి దగ్గర, మోజెస్ కార్వర్ అనే రైతు పొలంలో, 1864 ప్రాంతంలో. ఏ ఏడాదో ఆయనకే కచ్చితంగా తెలియదు. పసిగుడ్డుగా ఉన్నప్పుడు దోపిడీ ముఠా తల్లీబిడ్డల్ని ఎత్తుకుపోయింది. బిడ్డ దొరికాడు. తల్లి మేరీ జాడ మళ్లీ తెలియలేదు. బానిసత్వం రద్దయ్యాక మోజెస్, సూజన్ దంపతులే ఆ పిల్లాణ్నీ, అతని అన్ననీ పెంచారు. ఒంట్లో సత్తువ లేకపోవడంతో జార్జ్‌కి బరువు పనులు చెప్పేవారు కాదు. ఇంటిపని అయ్యాక అడవిలో తిరిగి మొక్కలు తెచ్చి, ఎవరికంటా పడకుండా చిన్న తోట పెంచుకునేవాడు. వాడిపోతున్న మొక్కలకు ప్రాణం పోస్తాడని చుట్టుపక్కల పేరు పడి, 'మొక్కల డాక్టర్' అయ్యాడు.

దగ్గర్లోని బడి తెల్లపిల్లలకే. చదువు కోసం చిన్నతనంలోనే ఇల్లు వదిలాడు. వంటలు చేశాడు, బట్టలు ఉతికాడు, ఊళ్లు మారాడు. కాన్సస్‌లో ఒక కాలేజీ ఉత్తరం ద్వారా సీటు ఇచ్చి, మనిషిని చూశాక నల్లవాడని తిప్పి పంపేసింది. చివరికి 1890లో అయోవాలోని సింప్సన్ కాలేజీలో చేరి చిత్రలేఖనం నేర్చుకున్నాడు. అతను వేసే పూలనూ మొక్కలనూ చూసి, వ్యవసాయ శాస్త్రం చదవమని దారి చూపింది అక్కడి ఉపాధ్యాయురాలు ఎటా బడ్. అయోవా వ్యవసాయ కళాశాలలో తొలి నల్లజాతి విద్యార్థి కార్వరే. 1896లో మాస్టర్స్ పట్టా అందుకున్నారు.

అదే ఏడాది, అలబామాలోని టస్కీగీలో నల్లజాతివారి కోసం విద్యాసంస్థ నడుపుతున్న బుకర్ టి. వాషింగ్టన్ ఆయన్ను అక్కడికి పిలిచారు. అక్కడ ప్రయోగశాల అన్నదే లేదు. విద్యార్థులను వెంటబెట్టుకుని చెత్తకుప్పలు వెతికి, సీసాలు, డబ్బాలు ఏరి తెచ్చి పరికరాలు చేసుకున్నారు.

బయట పొలాల పరిస్థితి ఇంకా దారుణం. ఏళ్ల తరబడి పత్తి తర్వాత పత్తే వేసి నేల సారమంతా పోయింది. సాగు చేసేవాళ్లలో చాలామంది నిన్నమొన్నటి బానిసలు, వాళ్ల పిల్లలు. భూమి దొరది, విత్తనం అప్పు, పంట చేతికొస్తే వాటా దొరకు, మిగిలింది అప్పుకు. ఎరువు బస్తా కొనే స్తోమత లేని ఆ రైతుకు పనికొచ్చే శాస్త్రం కావాలి. అలాంటి శాస్త్రాన్ని అందించడమే కార్వర్ చేసిన పెద్ద సేవ. చిత్తడి నేలల మట్టి, రాలిన ఆకులు కలిపి ఎరువు చేయమన్నారు. 1898లో వెలువడిన మొదటి కరపత్రంలో, అడవిలో ఊరికే రాలిపోయే ఓక్ కాయలను పశువులకు, పందులకు మేతగా ఎలా వాడాలో వివరించారు. అలాంటివి మొత్తం 44 రాశారు.

నేలకు బలం తిరిగి రావాలంటే పత్తికి విరామమిచ్చి అలసంద, వేరుశనగ వేయమన్నారు. ఇందులో కిటుకు చూడాలంటే అనంతపురం ఎర్రనేలల్లో ఒక వేరుశనగ మొక్కను పీకి, మట్టి దులిపితే చాలు. వేళ్లకు ఆవగింజలంత బుడిపెలు కనిపిస్తాయి. గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంటుంది. వాటిలో కాపురముండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. వేళ్లు, ఆకులు నేలలో కలిస్తే ఆ బలంలో కొంత తర్వాతి పంటకు దక్కుతుంది. వరి కోతలప్పుడు మినుము చల్లుకునే కృష్ణా డెల్టా రైతుకు ఇది కొత్త సంగతి కాదు. పత్తి తప్ప మరో పంట ఎరగని అలబామా కౌలుదారుకు మాత్రం అది కొత్తే. పైగా మాంసకృత్తులు సరిగా అందని ఆ ఇళ్లలో వేరుశనగ, అలసంద మంచి తిండి కూడా.

ఇంతలో పత్తి గూడను, కాయను తొలిచేసే ముక్కుపురుగు టెక్సాస్ మీదుగా 1910 ప్రాంతంలో అలబామాకు చేరింది. పత్తి కుదేలైన చోట రైతులు వేరుశనగకు మళ్లారు. అలా మళ్లి బాగుపడిన ఎంటర్‌ప్రైజ్ అనే ఊరు 1919లో ఏకంగా ఆ పురుగుకే స్మారకం కట్టింది.

పంట పెరిగితే కొనేవాళ్లుండాలి కదా! 1916లో వేరుశనగ సాగుతోపాటు 105 వంటకాలు వివరిస్తూ కార్వర్ కరపత్రం తెచ్చారు. 1921 జనవరిలో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు వేరుశనగ రైతుల తరఫున మాట్లాడటానికి ఆయనకు పది నిమిషాలే ఇచ్చారు. పెట్టెలోంచి ఒక్కో నమూనా తీసి చూపిస్తుంటే, సభ్యులే గడువు పొడిగించారు. ఆ రోజుతో దేశమంతా ఆయన పేరు మోగింది. వేరుశనగ వెన్నను ఆయనే కనిపెట్టారన్న ప్రచారం మాత్రం నిజం కాదు. వందల ఉత్పత్తులు రూపొందించినా తీసుకున్న పేటెంట్లు మూడే.

పెళ్లి చేసుకోలేదు. కోటుకు రోజూ ఒక పువ్వు పెట్టుకుని, చనిపోయేదాకా టస్కీగీలోనే ఉండిపోయారు. దాచుకున్న సుమారు 60 వేల డాలర్లూ పరిశోధనలు కొనసాగించే సంస్థకే ఇచ్చేశారు. 1943 జనవరి 5న కన్నుమూశారు.

ఆ జులైలోనే డైమండ్ దగ్గరి పొలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. అమెరికాలో ఒక నల్లజాతి వ్యక్తి పేరిట వెలసిన తొలి జాతీయ స్మారకం అదే. చూడ్డానికి వెళ్లినవాళ్లను ఒక కాలిబాట ఆ అడవిలోకి తీసుకెళ్తుంది. దారిలో బండరాయి మీద ఓ పిల్లవాడి విగ్రహం ఉంటుంది. వాడు చేతిలోని చిన్న మొక్కను చూస్తూ కూర్చుని ఉంటాడు.