రాకెట్ విజ్ఞాన తొలితరం లేఖలు: లేఖాసాహిత్య పరిశోధనకు కొన్ని సూచనలు

వ్యాససంగ్రహం:
రాకెట్ విజ్ఞానానికి పునాది వేసిన త్సియోల్కోవ్‌స్కీ, గొడార్డ్, ఓబర్త్ ముగ్గురూ వేర్వేరు దేశాలలో తమ కృషిని విడివిడిగా ఆరంభించారు. తర్వాతి కాలంలో వారి మధ్య ఏర్పడిన సంబంధం లేఖల ద్వారా ఏర్పడినదే. ఎవరికి, ఏ విషయం, ఎప్పుడు తెలిసింది అనే ప్రశ్నకు వారి గ్రంథాల కన్నా ఈ లేఖలే సూటిగా సమాధానం ఇస్తాయి. ఈ లేఖలను ఆధారాలుగా ఎలా చదవాలో, వాటి పరిమితులేమిటో వివరించి, శ్రీహరికోట తొలితరం లేఖలను సేకరించవలసిన అవసరాన్ని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: లేఖాసాహిత్యం, రాకెట్ విజ్ఞానం, గొడార్డ్, ఓబర్త్, త్సియోల్కోవ్‌స్కీ, చేతిరాత, శ్రీహరికోట.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో లేఖాసాహిత్యం అనగానే గురజాడ లేఖలు, చలం ‘ప్రేమలేఖలు’, గోపీచంద్ ‘పోస్టు చెయ్యని ఉత్తరాలు’ వంటివి గుర్తుకు వస్తాయి. వీటిలో కొన్ని నిజంగా ఒకరికి రాసి పంపినవి, కొన్ని లేఖారూపంలో వెలువడిన రచనలు. రచయిత వ్యక్తిత్వాన్ని, శైలిని, కాలాన్ని తెలుసుకోవడానికి మనం సాధారణంగా లేఖలను చదువుతాం. శాస్త్రవేత్తల లేఖలకు వీటితోపాటు మరొక ప్రయోజనం ఉంది. ఒక ఆలోచన ఒకరి నుంచి మరొకరికి చేరిన తేదీని అవి నమోదు చేస్తాయి. రాకెట్ విజ్ఞాన చరిత్రలో ఈ ప్రయోజనం ఎంత కీలకమైనదో కింది ఉదాహరణలు తెలుపుతాయి.

2. ముగ్గురు మార్గదర్శకులు:
కాన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ రష్యాలోని కలూగా పట్టణంలో పాఠశాల ఉపాధ్యాయులు. బాల్యంలోనే వినికిడి చాలావరకు కోల్పోయారు. ద్రవ ఇంధన రాకెట్టుతో అంతరిక్షాన్ని చేరవచ్చునని 1903లో ప్రచురించిన వ్యాసంలో గణితపరంగా నిరూపించారు. రాబర్ట్ గొడార్డ్ అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యులు. 1926 మార్చి 16న ప్రపంచంలో తొలి ద్రవ ఇంధన రాకెట్టును ఎగురవేశారు. అది గాలిలో ఉన్నది సుమారు రెండున్నర సెకన్లు మాత్రమే. హెర్మన్ ఓబర్త్ ట్రాన్సిల్వేనియాలో జన్మించి, జర్మన్ భాషలో రచన చేసినవారు. వీరిలో త్సియోల్కోవ్‌స్కీ వ్యాసం రష్యన్ భాషలో ఉండటం వల్ల చాలాకాలం ఇతర దేశాలకు చేరలేదు.

3. ఓబర్త్ అభ్యర్థన, 1922:
గొడార్డ్ 1919 నాటి పరిశోధన పత్రాన్ని స్మిత్‌సోనియన్ సంస్థ ప్రచురించింది. చంద్రునిపైకి రాకెట్టును పంపవచ్చునన్న అందులోని ప్రస్తావనను 1920 జనవరిలో ‘న్యూయార్క్ టైమ్స్’ సంపాదకీయం ఎగతాళి చేసింది. తన కృషి గురించి బయటికి చెప్పడంలో గొడార్డ్ మరింత జాగ్రత్త వహించడానికి ఇటువంటి స్పందన ఒక కారణం.

ఈ నేపథ్యంలో 1922లో ఓబర్త్ నుంచి ఆయనకు ఒక లేఖ అందింది. తానూ ఇదే విషయంపై పనిచేస్తున్నానని, ఆ పత్రం ప్రతిని పంపవలసిందని అందులో కోరారు. గొడార్డ్ పంపించారు. మరుసటి ఏడాది ఓబర్త్ గ్రంథం వెలువడింది. అందులో గొడార్డ్ పత్రాన్ని ప్రస్తావించి, తన కృషికీ దానికీ గల తేడాలను అనుబంధంలో వివరించారు. అయినా తన ఆలోచనలను ఓబర్త్ గ్రహించారేమోనన్న అనుమానం గొడార్డ్‌ను విడిచిపెట్టలేదు.

ఇక్కడ లేఖ ఏమి నిరూపిస్తుంది? 1923కు ముందే గొడార్డ్ పత్రం ఓబర్త్ చేతికి చేరిందని నిరూపిస్తుంది. అంతకుమించి నిరూపించదు. గొడార్డ్ పత్రం ప్రధానంగా ఘన ఇంధనంతో చేసిన ప్రయోగాలను వివరిస్తుంది. ఓబర్త్ గ్రంథం ద్రవ ఇంధన రాకెట్టును ఆధారంగా చేసుకున్నది. కనుక లేఖను, పంపిన పత్రాన్ని, తర్వాత వచ్చిన గ్రంథాన్ని పక్కపక్కన పెట్టి చదివినప్పుడే న్యాయమైన నిర్ణయం సాధ్యమవుతుంది. లేఖ పరిచయానికి సాక్ష్యం. అనుకరణకు అదొక్కటే సాక్ష్యం కాదు. తెలుగు కవుల మధ్య ప్రభావాలను చర్చించే పరిశోధకులకూ ఈ విచక్షణ అవసరం.

4. కలూగాతో ఉత్తర ప్రత్యుత్తరాలు:
ఓబర్త్ గ్రంథం గురించిన వార్త రష్యాకు చేరిన తర్వాత, త్సియోల్కోవ్‌స్కీ తన 1903 నాటి వ్యాసాన్ని 1924లో కలూగాలో పునర్ముద్రించారు. ముందుగా తానే ఈ మార్గంలో నడిచానని తెలియజేయడం దాని ఉద్దేశం. చిజేవ్‌స్కీ దానికి జర్మన్ భాషలో ముందుమాట రాశారు. అటుపై ఓబర్త్, త్సియోల్కోవ్‌స్కీల మధ్య ఉత్తరాలు, గ్రంథాలు చేతులు మారాయి. 1929లో రాసిన లేఖలో ఓబర్త్ ఆ పెద్దాయన అగ్రస్థానాన్ని గౌరవంతో అంగీకరించారు. ఆయన కృషి ముందే తెలిసివుంటే తనకు ఎంతో శ్రమ తప్పేదన్న భావం వ్యక్తం చేశారు.

గొడార్డ్ విషయంలో లేఖ అనుమానానికి దారితీసింది. త్సియోల్కోవ్‌స్కీ విషయంలో లేఖ వివాదానికి తావులేకుండా చేసింది. రాసిన వ్యక్తి ఒకరే అయినా, అందుకున్నవారి అనుభవాన్ని బట్టి లేఖ ఫలితం మారిందని దీనివల్ల గ్రహించవచ్చు.

5. జ్ఞాపకంగా లేఖ:
1932 ఏప్రిల్‌లో గొడార్డ్ ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్‌కు ఒక లేఖ రాశారు. పదహారేళ్ల వయసులో, 1898లో, వెల్స్ నవల ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ తనపై గాఢమైన ముద్ర వేసిందని తెలిపారు. నక్షత్రాలను లక్ష్యంగా చేసుకున్న ఈ పని తరతరాలు సాగవలసినదన్న భావాన్నీ ప్రకటించారు. కల్పనాసాహిత్యం శాస్త్రవేత్తను ఎలా రూపొందిస్తుందో చెప్పే అరుదైన స్వీయసాక్ష్యం ఇది. అయితే ఇది సంఘటన జరిగిన ముప్ఫై నాలుగేళ్లకు రాసినది. 1922 నాటి అభ్యర్థన జరుగుతున్న పనిలో భాగం కాగా, ఇది వెనుదిరిగి చూసుకున్న జ్ఞాపకం. రెండింటినీ ఒకే తూకంతో తూచకూడదు.

6. చేతిరాత, ప్రతి, సంపుటం:
పంపిన లేఖ అందుకున్నవారి దగ్గరే ఉంటుంది. రాసినవారి దగ్గర మిగిలేది చిత్తుప్రతో నకలో మాత్రమే. గొడార్డ్ పత్రాలు క్లార్క్ విశ్వవిద్యాలయంలో, వెల్స్ పత్రాలు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఒక సంభాషణను పూర్తిగా వినాలంటే రెండు చోట్లా వెదకాలి.

భూపాలపల్లి జిల్లా చిట్యాల వంటి చోట్ల నుంచి పరిశోధన చేసేవారికి ఆ మూలప్రతులు అందుబాటులో ఉండవు. ఇక్కడే సంపాదకుల పాత్ర ముఖ్యమవుతుంది. గొడార్డ్ 1945లో మరణించిన తర్వాత ఆయన భార్య ఎస్తర్ ఆ పత్రాలను భద్రపరిచారు. జి. ఎడ్వర్డ్ పెండ్రేతో కలిసి 1970లో మూడు సంపుటాలుగా ప్రచురించారు. అయితే కొట్టివేతలు, అంచుల్లో చేర్చిన మాటలు, చేతిరాతలోని తొందర అచ్చులో కనిపించవు. అందువల్ల సంపుటం మూలానికి దారి చూపేదే తప్ప మూలానికి బదులు కాదు.

7. తెలుగునేలకు అన్వయం:
1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి తొలి రోహిణి రాకెట్టు ఎగిరింది. ఆ దీవిలో ప్రయోగకేంద్రాన్ని నిర్మించిన తరం ఉత్తరాలు రాసుకున్న తరం. సంస్థ నివేదికల్లో ప్రయోగ ఫలితాలు దొరుకుతాయి. కొత్తచోట కాపురం, పని ఒత్తిడి, వైఫల్యం మిగిల్చిన బాధ, సాంకేతిక విషయాన్ని ఇంట్లోవారికి తెలుగులో చెప్పడానికి వెతుక్కున్న మాటలు దొరకగల చోటు ఇంటి ఉత్తరాలే. ఇల్లు మారినప్పుడు, పెద్దలు గతించినప్పుడు పాత కాగితాలతోపాటు అవీ పోతాయి. కుటుంబాల అనుమతితో వాటిని సేకరించి, తేదీలవారీగా అమర్చి, కవర్లతో సహా ప్రతిబింబాలు తీసి భద్రపరచడం తెలుగుశాఖలు చేపట్టదగిన పని.

8. ముగింపు:
● లేఖ ఒక విషయం తెలిసిన కాలాన్ని నిర్ధారిస్తుంది. ప్రభావాన్ని నిర్ధారించడానికి పాఠాల తులనాత్మక పరిశీలన అవసరం.
● సమకాలికంగా రాసిన లేఖకు, జ్ఞాపకంగా రాసిన లేఖకు సాక్ష్యవిలువలో భేదం ఉంది.
● ఇరువైపుల లేఖలు లభించినప్పుడే సంభాషణ పూర్తవుతుంది.
● ఎస్తర్ వంటివారి శ్రద్ధ వల్లనే గొడార్డ్ లేఖలు నేటి పరిశోధకులకు దక్కాయి. శ్రీహరికోట తొలితరం లేఖల విషయంలో ఆ శ్రద్ధ వహించవలసిన బాధ్యత మనపై ఉంది.