మంచం కిర్రుమంటోందా?

నులక మంచానికి నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు. ఒక్క ఇనప మేకు లేకుండా ఏళ్ళ తరబడి ఆగే మంచాలున్నాయి. ఏడాదికే ఊగిపోయేవీ ఉన్నాయి. డబ్బు మాత్రం రెంటికీ ఇవ్వాల్సిందే కదా! తేడా అంతా అతుకులో ఉంది.

వడ్రంగి పట్టె కొసను రంపంతో కోసి సన్నగా చేస్తాడు. దాన్ని కుసి అంటారు. కోడుకు ఉలితో బెజ్జం తొలుస్తాడు. కుసిని బెజ్జంలో పెట్టి కొడతితో తడతాడు. చేత్తో తోస్తేనే దూరిపోతే అది వదులు. గట్టిగా బాదితే గాని దిగదా? అయితే కోడు చీలుతుంది. చిన్న దెబ్బలకే బిగువుగా దిగాలి.

ఒక్కో కోడు దగ్గర రెండు పట్టెలు కలుస్తాయి. రెండు బెజ్జాలూ ఒకే చోట పడితే కోడు గుల్లవుతుంది. అందుకే ఒకటి కాస్త పైన, ఇంకోటి కాస్త కింద తొలుస్తారు.

పని బాగున్నా కర్ర పచ్చిదైతే అతుకు నిలవదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన శ్రీకాకుళం జిల్లాలో ఎన్నో చెట్లను కూల్చింది. పడిన చెట్టు పెరట్లోనే ఉంటే, వెంటనే మంచం చేయించాలనిపిస్తుంది. తొందర వద్దు. కర్ర ఎండితే పొడవు తగ్గదు గాని, అడ్డంగా కుదించుకుపోతుంది. నిండుగా దిగిన కుసి సన్నబడుతుంది. అప్పుడే కిర్రు మొదలు.

కోసిన కర్రలను నీడలో పేర్చండి. గాలి ఆడేలా మధ్యలో పుల్లలు పెట్టండి. ఒక ముక్కను కిరాణా కొట్టులో తూకం వేయించి, బరువును పుస్తకంలో రాసుకోండి. పదిహేను రోజులకోసారి మళ్ళీ తూచండి. బరువు తగ్గడం ఆగితే కర్ర ఎండినట్టే. ఈ లెక్క మీరే రాయగలరు, ఎవర్నీ అడగక్కర్లేదు.

అతుకులో ఇనప మేకు నాకు నచ్చదు. తేమకు తుప్పు పడుతుంది, కర్రను చీలుస్తుంది. వెదురు చీల మేలు.

మంచాన్ని ఎప్పుడు చూసుకోవాలి? నులక అల్లక ముందే. నులక పట్టెలను లోపలికి లాగి, అతుకులను బిగిస్తుంది. అల్లాక వదులు కనబడదు. కాబట్టి ఉత్త చట్రాన్నే సమంగా ఉన్న నేల మీద పెట్టించండి. ఒక మూల పట్టుకుని ఊపండి. పట్టెకూ కోడుకూ మధ్య వెలుతురు కనబడుతోందా? రంపపు పొట్టు, బంక కలిపి నింపిన చోట రంగు తేడాగా ఉందా? ఉంటే ఆ కుసి మళ్ళీ చేయమనండి. మిగతా డబ్బు ఆ తరవాతే ఇవ్వండి.